గిజిగాడు, మా నాయిన, అమ్మ ఆసు

మా ఇంట్లో రేడియో మగ్గం గదిలో ఉండేది. మగ్గానికి ఎడమపక్క గోడకు మేకు కొట్టి, తోలుపట్టీతో దాన్ని వేలాడదీసేవాడు మా నాయిన. పోచంపల్లి చుట్టుపక్కల నేత ఇళ్లు చాలావాటిలో అంతే. నేసేవాడికి రెండు చేతులూ పనిలో ఉంటాయి, రెండు కాళ్లూ గుంటలో ఉంటాయి, కళ్లు బట్ట మీద ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. వాటిని పొద్దుటి నుంచి రాత్రిదాకా హైదరాబాదు కేంద్రానికి అప్పగించేసేవాడు.

అయితే మగ్గం చప్పుడులో సగం మాటలు వినబడవు. తాడు లాగితే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు దూకుతుంది. వెంటనే పోగును ముందుకు తోసే దెబ్బ. ఆ రెండు చప్పుళ్ల మధ్య సందులో ఎంత దొరికితే అంత. అందుకే మా నాయిన చెప్పే వార్తల్లో ఎప్పుడూ ఒక ముక్క తగ్గేది. ఎవరో మంత్రి రాజీనామా చేసేవాడు, ఎందుకు చేశాడో నాడె మింగేసేది. ఎక్కడో తుఫాను వచ్చేది, ఆ ఊరి పేరు మగ్గం గుంటలో పడిపోయేది. మిగతాది అమ్మ ఊహించి పూరించేది. ఒక్కోసారి ఆమె ఊహే నిజమయ్యేది కూడా.

పద్యం వస్తే మాత్రం మగ్గం ఆగేది. పాటకు ఆగేది కాదు, పాట దానితోపాటే నడిచిపోయేది. పద్యానికి ఆగేది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషికి పద్యం మీద అంత మోజు ఎక్కడిదో నాకు తెలియదు. తాళం లేకుండా అంత పొడుగు మాట అంత కుదురుగా ఎలా నిలబడుతుందా అని వినేవాడేమో. ఆయనకు నోటికి వచ్చినవి పదో పన్నెండో. చాలావరకు పోతన గారివి, గజేంద్రమోక్షంలోవి. ఒక్కటి మాత్రం దేవుడి మీద కాదు, పిట్ట మీద. జాషువ గారి గిజిగాడు.

ఆ సంగతి నాకు తెలిసింది బడిలో ఆ పద్యం నేర్చుకొచ్చిన రోజు. మగ్గం పక్కన నిలబడి అప్పజెబుతున్నాను. రెండో పాదం దగ్గర తడబడితే గుంటలోంచి అందింపు వచ్చింది. బట్ట మీది కన్ను తిప్పకుండానే మిగతా రెండు పాదాలూ ఆయనే పూర్తి చేశాడు.

"నీకెట్ల తెలుసు నాయినా?"

"రేడియోల ఇన్న బిడ్డా."

అది ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. అక్కడ చిన్నగా ఊపిరి తీసుకుని చదవాలని మా పంతులుగారు నేర్పారు. మా నాయిన ఊపిరి తీసుకునే చోటు వేరు. నాడె దూకే చోటే ఆయనకు యతి. ఒక్కో పాదాన్ని నాలుగు పోగులకు సర్దేసేవాడు. ఛందస్సు ప్రకారం అది తప్పు. తర్వాత ముప్పై ఏళ్లు నేను తెలుగు పంతులమ్మగా ఆ పాఠం చెప్పాను. నల్లబల్ల మీద గణాలు విడగొట్టి, గురువులూ లఘువులూ గుర్తులు పెట్టి, యతిస్థానం కింద గీత గీసి చూపించాను. కానీ నోరు తెరిచి చదివితే మాత్రం లోపల వినబడింది నాడె చప్పుడే. పిల్లలు గమనించారో లేదో గానీ, ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి గమనించి, "అమ్మా, మీరు ఆగే చోటు కాస్త తేడాగా ఉందే" అన్నారు. ఏం చెప్తాను!

ఆ పద్యంలో కవి పిట్టను పలకరిస్తాడు. తేలికైన గడ్డితో ఊయల లాంటి ఇల్లు కట్టావే, అందులో గదులూ పడకలూ అమర్చావే అని మురిసిపోతాడు. ఇది మనుషుల వల్ల కాదని కూడా అంటాడు. మా నాయినకు పేచీ అక్కడే.

"ఎందుకు గాదు?" అనేవాడు. కోపం కాదది. పక్క ఊరి నేతగాడిని ఎవరో మెచ్చుకుంటుంటే విన్న పనివాడి గొంతు.

మా ఇంటి వెనక మోటబావి ఉండేది. మోట ఆగిపోయి చాలా కాలమైనా పేరు మిగిలింది. దాని గట్టున ఒక ఈతచెట్టు బావి మీదికి వంగి ఉండేది. గిజిగాళ్లకు ఆ వంపే కావాలి. కింద నీళ్లుంటే పాము రాదు, పిల్లి రాదు, మా తమ్ముడు కూడా రాడు. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాయంటే మగపిట్టల నెత్తికి పసుపు రంగు ఎక్కేది. అప్పటిదాకా ఊరపిచ్చుకకూ దానికీ తేడా తెలియదు. ఒక్కసారిగా పెళ్లికొడుకు వేషం.

నేను మధ్యాహ్నం పూట గట్టు మీద కూర్చుని చూస్తుండేదాన్ని. మగపిట్ట వరిమడిలో దిగుతుంది. ఆకు మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. గాటు పెట్టిన అంచును పట్టుకుని ఎగురుతుంది. ఎగిరిన ఊపుకు ఆకు నిలువునా చీలి, ముక్కుకు జానెడో మూరెడో పొడుగు పోగు మిగులుతుంది. నాయిన దాన్ని గడ్డి అనేవాడు కాదు, పోగు అనేవాడు. ఆ పోగును ఈత మట్ట చివర ఆకులకు చుట్టి ముడి వేస్తుంది. ముడి మీద ముడి వేసి, ఒక ఉంగరం చేస్తుంది. ఆ ఉంగరంలో తాను కూర్చుని, కూర్చున్న చోటు నుంచి ముక్కు అందినంత మేరా అల్లుకుంటూ పోతుంది. అందుకే గూడు లోపలి గుండ్రం సరిగ్గా పిట్ట ఒంటికి సరిపోతుంది. కొలత బద్ద లేదు, తన ఒళ్లే కొలత. మగ్గం గుంట కూడా అంతే. మా తాత కాళ్లకు తవ్విన గుంట మా నాయినకు రెండంగుళాలు తక్కువైతే, ఆయన బతుకంతా మోకాళ్లు కాస్త ఎత్తి కూర్చునే నేశాడు.

ఎనిమిది రోజులకు గూడు సగమవుతుంది. అప్పుడు చూస్తే స్కూటరు వాళ్లు పెట్టుకునే హెల్మెట్, గడ్డం కింది పట్టీతో సహా, బోర్లా వేలాడదీసినట్టు ఉంటుంది. పక్షిశాస్త్రం వాళ్లు కూడా దాన్ని హెల్మెట్ దశ అనే అంటారట. పూర్తి కావాలంటే మొత్తం 18 రోజులు కావాలి. కానీ మగపిట్ట అక్కడే ఆగిపోతుంది. పట్టీకి వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ, కీచుకీచుమని అరుస్తుంది. ఆడపిట్టలు వస్తాయి. ఒకటి గూట్లోకి దూరుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది, పోగు పట్టుకుని లాగి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే మాట లేదు, మంతి లేదు, ఎగిరిపోతుంది. నచ్చిన గూటికే మగపిట్ట అడుగు వేసి, గుడ్లు పెట్టే అర చేసి, పొడుగాటి గొట్టం దింపుతుంది. నచ్చని గూళ్లు హెల్మెట్లలాగే ఎండిపోతాయి. మా ఈతచెట్టుకు అలాంటివి ప్రతి ఏడూ అయిదారు మిగిలేవి.

ఇదంతా నేను పిల్లప్పుడు చూసిందే గానీ, చూసింది ఏమిటో తెలిసింది చాలా తర్వాత, పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ గారి గురించి చదివినప్పుడు. 1930లో బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఆయన రోజుల తరబడి ఈ పిట్టలనే చూస్తూ కూర్చున్నారు. కట్టేది మగది, ఒప్పుకునేది ఆడది, ఒక గూడు ఒప్పించాక మగది ఇంకో గూడు మొదలుపెడుతుందన్న సంగతి లోకానికి వివరంగా చెప్పింది ఆయనే. 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షుల లెక్క తీయడానికి మన వైపుకూ వచ్చారు. జాషువ గారు పుట్టింది 1895లో, సలీం అలీ గారు 1896లో. ఇద్దరూ దాదాపు ఒక ఈడు వాళ్లు. ఇద్దరూ ఒకే పిట్ట దగ్గర ఆగారు. ఒకరు వినుకొండ వైపు, ఒకరు కొంకణం వైపు. మా నాయినకు వచ్చిన ఆ ఒక్క పద్యంలో కట్టేవాడి గొప్పతనమే ఉంది. ఒప్పుకునేదాని సంగతి కోసం నేను సలీం అలీ గారి దాకా పోవాల్సి వచ్చింది. నిజానికి మా ఇంట్లోనే చూసుకుంటే సరిపోయేది.

ఆ మాట చెప్పే ముందు గూడు కథ చెప్పాలి.

ఒక శ్రావణమాసం రాత్రి పెద్ద గాలి. తెల్లారేసరికి ఒక నిండు గూడు గట్టు మీద పడి ఉంది. గుడ్లు లేవు, పిల్లలు లేవు, అప్పుడే పూర్తయిన గూడు. నేను తెచ్చి ఇంట్లో పెట్టాను. నాయిన ఆ రోజు మధ్యాహ్నం మగ్గం ఎక్కలేదు. పెట్టెలోంచి దబ్బనం తీసి, చాప మీద కూర్చుని, గూడును ఒళ్లో పెట్టుకున్నాడు. మొదలు ఎక్కడుందో చూస్తానన్నాడు. మొదటి పోగు దొరికితే మిగతా అల్లిక తెలిసిపోతుందని ఆయన లెక్క. దబ్బనంతో ఒక్కో పోగునూ లేపి, దాని కిందకు వేలు దూర్చి, అది ఎక్కడికి పోతుందో పట్టుకుని, అవతల దాని కింద మళ్లీ దబ్బనం. పైన మెడ దగ్గర పోగులు తాడులా బిగుసుకుని ఉన్నాయి. పొట్ట దగ్గర వదులు. గొట్టం దగ్గర మరీ వదులు, వేలు పెడితే ఊగుతుంది. లోపల ఒక పక్కన ఎండిపోయిన మట్టి ముద్దలు అంటించి ఉన్నాయి. వాటిలో మిణుగురులను గుచ్చి దీపాలు పెట్టుకుంటుందని మా ఊళ్లో అంతా చెప్పేవాళ్లు. నాయిన ఒక ముద్దను గోరుతో గీకి చూశాడు. మిణుగురు లేదు, రెక్క ముక్క కూడా లేదు. ముద్దను అరచేతిలో వేసుకుని బరువు చూశాడు.

"దీపం గాదు బిడ్డా, గాలికి తేలిపోకుండ బరువు" అన్నాడు.

ఆ మాట సరైనదేనని చాలామంది పక్షిశాస్త్రజ్ఞుల ఊహ కూడా. కానీ అప్పుడు నాకు దీపం పోయినందుకు ఏడుపొచ్చింది.

సాయంత్రమైంది. మొదలు దొరకలేదు. ఎటు చూసినా ప్రతి పోగు చివరా ఇంకో పోగు కిందకే పోతోంది. "ఏడ మొదలువెట్టిందో దీని తల్లి!" అని దబ్బనం పక్కన పెట్టాడు. గదిలో అవతల పక్క ఆసు ముందు కూర్చున్న అమ్మ, చెయ్యి ఆపకుండానే అంది:

"మన పడుగుకు మాత్రం మొదలుందా ఏంది?"

నేత ఎరగని శ్రోతల కోసం చెప్పాలి. చీరలు నేసి పడుగు అయిపోవస్తే మగ్గం మీద కొస మిగులుతుంది. దాన్ని తీసేయరు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి నలిపి అతుకుతారు. ఒకటీ రెండూ కాదు, వేల పోగులు. అందువల్ల ఏ చీరకూ తనదైన మొదలు ఉండదు. దాని ముందు చీర కొసే దాని మొదలు. మా నాయిన పడుగు మా తాత పడుగుకు అతికింది. తాతది ఎవరిదానికి అతికిందో తాతకే తెలియాలి. నాయిన అమ్మ వైపు చూసి నవ్వాడు. గూడును దండెం మీద వేలాడదీశాడు. అది రెండేళ్లు అక్కడే ఉంది.

ఇప్పుడు ఆసు సంగతి. పోచంపల్లి చీర మీది పువ్వు అచ్చు కొట్టింది కాదు, కుట్టింది కాదు. నేయకముందే పోగు మీద రంగు ఎక్కడెక్కడ పడాలో లెక్క కట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో కట్లు కట్టి, రంగులో ముంచి తీస్తారు. కట్టిన చోట రంగు అంటదు. దాన్నే మేం చిటికి అంటాం. ఆ కట్లు కట్టాలంటే ముందు పేక పోగును ఆసు మీద పరవాలి. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు ఉన్న చెక్క. ఇవతల ఒక మేకు, అవతల వంపుగా వరసన మేకులు. పోగు పట్టుకుని ఇవతల మేకు నుంచి అవతల మొదటి మేకుకు, మళ్లీ ఇవతలికి, మళ్లీ అవతల రెండో మేకుకు. చెయ్యి చాచడం, ముడవడం. ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు. నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18000 సార్లు. "ఆసులో కండెలాగ తిరుగుతున్నావు" అని తెలుగువాళ్లంతా అనే మాటే. మా ఇంట్లో అది సామెత కాదు, మా అమ్మ కుడిచెయ్యి.

ఆ పనిని ఎవరూ నేత అనరు. జనాభా లెక్కలవాళ్లు వస్తే నాయిన వృత్తి నేత అని రాసుకునేవాళ్లు, అమ్మ దగ్గరికొచ్చేసరికి ఇంటిపని. అమ్మ ఏమీ అనేది కాదు. చెయ్యి ఆడుతూనే ఉండేది.

కానీ చీర పూర్తయ్యాక మగ్గం మీంచి కొయ్యడానికి నాయిన కత్తెర పట్టుకుని ఆగేవాడు. "ఓసారి వచ్చి సూడు" అని పిలిచేవాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చేది. చీర అంచు పట్టుకుని గుమ్మం వెలుతురులోకి తిప్పేది. చిటికిలో పోగు ఒక్క వెంట్రుకంత జరిగినా చిలక ముక్కు మెడ మీదికి వస్తుంది. కండెల వరస తప్పితే చిలకకు ముక్కు ఉండాల్సిన చోట తోక వస్తుంది. అమ్మ కళ్లు మూలల్లోకి పోయేవి, పువ్వుల మీదికి కాదు. ఒక చోట ఆగి గోరుతో పోగును అటు కాస్త జరిపేది. ఆ ఒక్క నిమిషం నాయిన గుంటలో కూర్చుని ఆమె మొహం చూస్తుండేవాడు. ఎంత పెద్ద సేటు వచ్చి చీర చూసినా ఆయన మొహంలో ఆ బిక్కు ఉండేది కాదు.

"మంచిగనే ఉంది" అంటే కత్తెర పడేది.

జాషువ గారి జీవితం గురించి పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం. పరీక్షకు అక్కరలేని సంగతులే ఎక్కువ చెప్పేదాన్ని. ఆయన కుర్రతనంలో రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు మాట చెప్పారు. తెర మీద బొమ్మలు పెదవులు కదిలిస్తుంటే పక్కన నిలబడి కథా సంభాషణలూ చదివే పని. నోరు లేని బొమ్మలకు నోరు ఇచ్చారు. తర్వాత గుంటూరులో పంతులు ఉద్యోగం. ఆ తర్వాత 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో పనిచేశారు. నేనిప్పుడు కూర్చున్న ఇలాంటి గదిలోనే, ఇలాంటి మైకు ముందు, ఆయన మనుషుల చేత మాట్లాడించి ఉంటారు. తనను పంక్తిలోకి రానివ్వని సమాజం మీద కావ్యం రాయాల్సి వచ్చినప్పుడు, 1941లో, మేఘాన్నీ హంసనూ పిలవలేదు, గబ్బిలాన్ని పిలిచారు. గుళ్లోకి మనిషి పోలేడు, గబ్బిలం పోగలదు కనక. సాలీడు మీదా ఆయన పద్యాలు రాశారు. సాలీడు పేరు వింటే మా ఇంటి పేరు విన్నట్టే ఉంటుంది. సాలె అంటే నేసేవాడే గదా. పెద్దవాళ్లు చూడని చోటుకే ఆయన కళ్లు పోయేవి, అమ్మ కళ్లు చీర మూలలకు పోయినట్టు.

అందుకే ఆయన మీద నాకు చిన్న ఫిర్యాదు కూడా ఉంది. ఫిర్యాదు అనకూడదు, చనువు అనాలి.

ఒకరోజు పిట్టల పుస్తకంలో చదివాను. గూడు పూర్తి కావడానికి మగ గిజిగాడు దాదాపు 500 సార్లు పోగు కోసం పోయి వస్తుందట. నాకు ఎంత అబ్బురమనిపించిందో! ఊరికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను. అప్పటికి ఆమెకు యాభై దాటింది. కుడిభుజం ఎత్తలేదు, జడ వేసుకోవడానికి ఎడమచేయి వాడేది. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అమ్మా, ఆ పిట్ట అయిదు వందల సార్లు తిరుగుతదట, ఒక్క గూటికి."

అమ్మ చాటలోంచి ఒక రాయి తీసి పారేసింది.

"అయిదు నూర్లకే పద్యం రాసిండా?"

నేను నవ్వాను. నవ్వి, ఆగిపోయాను. మనసులో గుణించుకుంటున్నాను. చీరకు 9000. వారానికి ఎన్ని చీరలు. పదహారో ఏట మొదలుపెట్టిన చెయ్యి. లెక్క కుదరలేదు, సున్నాలు ఎక్కువయ్యాయి. తెలుగు పంతులమ్మను గదా, గొంతు గద్గదం చేసుకుని అన్నాను: "నీ మీద ఎవరన్నా పద్యం రాయాలమ్మా. నేనే రాస్త."

"పద్యమెందుకే? ఓపికుంటే గీ బుజానికి జర నూనె రాయి."

రాశాను. నువ్వులనూనె, కాస్త కర్పూరం. ఎముక మీద కండ రాయిలా ఉంది. పద్యం మాత్రం ఈనాటికీ రాయలేదు. మొదటి పాదం ఎక్కడ మొదలుపెట్టాలో దొరకలేదు.

అలాంటి భుజం గురించి పద్యం రాయనివారు ఇంకొకాయన ఉన్నారు. ఆయన యంత్రం చేశారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. తల్లి పేరు లక్ష్మి, యంత్రానికీ ఆ పేరే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన మీద సినిమా కూడా వచ్చింది. మా వీధిలోకి ఆ యంత్రం వచ్చిన రోజు అమ్మ చూడటానికి పోయింది. చేతికి నాలుగైదు గంటలు పట్టే పనిని యంత్రం గంటన్నరకు తెచ్చింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఆశ్చర్యపోతున్నారు. అమ్మ చాలాసేపు నిలబడి, మేకుల మీద పోగు ఎలా పడుతోందో చూసింది. వంగి ఒక పోగు గోరుతో పట్టుకుని బిగువు చూసింది. "మంచిగనే ఉంది" అంది. మల్లేశం గారికి ఈ మాట చేరలేదు. చేరాల్సింది. పద్మశ్రీ కంటే తక్కువదేమీ కాదు.

నాయిన పోయి పదిహేనేళ్లు దాటింది. తమ్ముడు నేత పట్టలేదు, హైదరాబాదులో స్థిరపడ్డాడు. మగ్గం గుంట మీద ఇప్పుడు నాపరాళ్లు పరిచారు. ఆ మూల రాయి మీద కాలు పెడితే కాస్త బోలుగా మోగుతుంది. మోటబావి ఉంది, వానాకాలం నీళ్లూ వస్తాయి. ఈతచెట్టే పడిపోయింది. పడిపోతే ఏం, పక్క పొలంలో తుమ్మచెట్టు కుంట మీదికి వంగింది. గిజిగాళ్లు అక్కడికి మారాయి. వాటికి ఈత మీద మోజేమీ లేదు, వంపు ఉంటే చాలు.

మొన్నటి వానాకాలం అమ్మను అక్కడికి తీసుకుపోయాను. ప్లాస్టిక్ కుర్చీ వేసి గట్టు మీద కూర్చోబెట్టాను. ఎనభైకి దగ్గర పడింది. దూరపు చూపు మాత్రం ఇప్పటికీ బాగానే ఉంది. చెట్టుకు ఏడు గూళ్లు, అన్నీ హెల్మెట్లే. మగపిట్టలు వేలాడుతూ గోల గోల. ఆమె ఒక్కోదాన్నీ చూసుకుంటూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగింది.

"అది. అల్లిక గట్టిగుంది సూడు. మెడ ఎంత బిగిచ్చిండో! వదులుపోగు ఒక్కటి లేదు."

నిజమే. మిగతావాటికి పోగు కొసలు బయటికి వేలాడుతున్నాయి. ఆ మూడోది మాత్రం బుట్టలా నున్నగా ఉంది. దాన్ని కట్టినవాడు మా నాయినే అయ్యుండాలనిపించింది.

వారం తర్వాత మళ్లీ పోయాం. ఆమే అడిగి తీసుకుపొమ్మంది. మూడో గూడు అలాగే ఉంది, హెల్మెట్‌లా, పట్టీతో సహా. దాని మగపిట్ట ఇంకా రెక్కలు కొట్టుకుంటూనే ఉంది. ఆడపిట్ట ఒప్పుకున్నది ఆరోదాన్ని. దానికి అర వచ్చింది, గొట్టం దిగుతోంది. చూస్తే అల్లిక అంతంతమాత్రం. ఒక పక్క పోగులు ఊడి గాలికి ఊగుతున్నాయి.

"అమ్మా, నీ లెక్క తప్పింది" అన్నాను.

అమ్మ మాట్లాడలేదు. చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. మూడో గూటి కొమ్మ గట్టు మీద ఉంది. ఆరోది కొమ్మ చివర, కుంట నడుమ, నీళ్ల మీద ఉంది.

"అవును, దాని కింద నీళ్లున్నయి" అంది. కాసేపాగి, "నేను అల్లికనే సూసిన" అంది.

తర్వాత చెప్పులు వెతుక్కుంటూ లేచింది. ఎండెక్కుతోంది, పద పోదామంది. గట్టు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది, ఎడమచేత్తో.